బధిరులును టెలిఫోనును

భరతముని తన నాట్యశాస్త్రమున అభినయమును నాలుగు విధములుగ విభజించెను. అవయవములచే జూపునది ఆంగికము. వాక్కుచే జూపునది వాచికము. వేషభూషణములచే జూపునది ఆహార్యము. మనస్సునందలి భావము కన్నీరుగను పులకగను వణకుగను వెలువడునది సాత్త్వికము. రంగస్థలమును గూర్చి చెప్పిన యీ విభాగము మన యిండ్లకును చెల్లును. తల్లి బిడ్డను “రా” యని పిలుచునప్పుడు పిలుచునది నోరొక్కటియే కాదు; కన్నులు పిలుచును, చాచిన చేతులు పిలుచును. కోపముతో ననిన “రా”కును ప్రేమతో ననిన “రా”కును అక్షరమున భేదము లేదు. భేదమంతయు మొగమునందును చేతులయందును గొంతునందును ఉన్నది.

గడచిన నూటయేబది సంవత్సరములలో మనుష్యుని పలుకును దూరమునకు గొనిపోవు యంత్రములు పెక్కు పుట్టినవి. కాని చిరకాలము వానిలో నేదియు మనుష్యుని సంపూర్ణముగ మోయలేదు. ఒకటి అక్షరమును మోసినది. ఒకటి కంఠమును మోసినది. ఒకటి మొగమును మోసినది. ఏది మోయవలెనో ఏది విడువవలెనో యంత్రము తానుగ నిర్ణయించుకొనదు, చేసినవారు నిర్ణయింతురు. అట్లు విడిచిన భాగమే ఎవరికి సర్వస్వమో వారి గతి యేమగును? ఈ ప్రశ్నకు బధిరుల చరిత్రము సమాధానము చెప్పుచున్నది. ఆ చరిత్రమును సంగ్రహముగ నిచట వ్రాయదలచితిమి.

బధిరుల సైగలను గౌరవించి, వానిద్వారమున విద్య నేర్ప బూనినవారిలో ముఖ్యుడు ఫ్రాన్సు దేశీయుడగు అబ్బే ద లెపే యను మతాచార్యుడు (1712–1789). ఆయన 1760 ప్రాంతమున పారిసు నగరమున బీదబధిరులకొక పాఠశాల నెలకొల్పెను. ఆ పట్టణపు బధిరులు తమలో తాము వాడుకొను సైగలను తాను నేర్చుకొని, వానితోనే ఫ్రెంచిభాష బోధించెను. గురువు శిష్యులయొద్ద భాష నేర్చుకొనుటతో నీ విద్య యారంభమైనదని చదువరులు గమనింతురు గాక. ఆ పాఠశాలలోనే చదివి అచటనే యుపాధ్యాయుడైన లారెంటు క్లెర్కు అను బధిరుడు, గాలొడెట్టు అను అమెరికా దేశీయునితో సముద్రము దాటిపోయి, 1817లో హార్టుఫర్డు పట్టణమున పాఠశాల స్థాపించుటకు తోడ్పడెను. 1864లో వాషింగ్టను నగరమునందలి బధిరుల విద్యాలయమునకు పట్టములొసగు నధికారము అబ్రహాము లింకను సంతకముతో లభించెను.

సంజ్ఞాభాష యనగా తోచినట్లు చేతులు త్రిప్పుట యని పెక్కుమంది తలంతురు. అది పొరపాటు. దానికి పదములు గలవు, వాక్యనిర్మాణము గలదు, వ్యాకరణము గలదు. ఒక దేశపు సంజ్ఞాభాష మరియొక దేశపువారికి నేర్చుకొననిదే రాదు. చేతి యాకారము, అది నిలుచు చోటు, అది కదలు రీతి, ఈ మూడింటి కలయికచే పదములేర్పడుచున్నవని విలియం స్టోకీ యను పండితుడు 1960లో చూపెను. మన ప్రస్తుతాంశమునకు అంతకంటె ముఖ్యమైనది మొగము. అమెరికా సంజ్ఞాభాషలో అవునా కాదా యని యడుగు ప్రశ్నకు కనుబొమలు పైకి లేవవలెను. లేవనిచో అది ప్రశ్నయే కాదు. మనము గొంతు హెచ్చించియు తగ్గించియు తెలుపు కోపమును, వెటకారమును, జాలిని వారు కనుబొమలతోను పెదవులతోను భుజముల వంపుతోను తెలుపుదురు. వాచికమునకును ఆంగికమునకును వారి భాషలో నెడము లేదు.

ఇట్టి భాషకు 1880లో గొడ్డలిపెట్టు తగిలినది. ఆ సంవత్సరము సెప్టెంబరు నెలలో ఇటలీ దేశపు మిలాను నగరమున బధిరుల ఉపాధ్యాయులు మహాసభ జరిపి, బధిరవిద్యయందు సంజ్ఞలకంటె నోటిమాట యుత్తమమనుట నిర్వివాదమని తీర్మానించిరి. సభకు వచ్చిన నూరుమందికి పైబడిన ప్రతినిధులలో బధిరులు ఒకరిద్దరికంటె లేరు. ఎవరి బ్రతుకును గూర్చి తీర్మానము జరిగినదో వారి నడిగినవారు లేరు. వితంతువుల నొక్కమాటైన నడుగక వితంతు వివాహమును గూర్చి మన సభలలో వాదించిన పండితులను చదువరులు జ్ఞప్తికి దెచ్చుకొందురు గాక.

ఆ తీర్మానము తరువాత యూరపునందును అమెరికాయందును అనేక పాఠశాలలనుండి సంజ్ఞలు బహిష్కృతములైనవి. చేతులు కదపిన పిల్లలను దండించిరి. కొన్నిచోట్ల చేతులమీదనే కూర్చుండ జేసిరి. బధిరులగు ఉపాధ్యాయులు క్రమక్రమముగ తగ్గిపోయిరి. తమకు వినబడని ధ్వనులను పలుకుటకై పిల్లలు సంవత్సరముల తరబడి శ్రమపడిరి. మాటలు వచ్చిన పిదప చెవుడు వచ్చినవారిలో కొందరికా శ్రమ ఫలించినది. పుట్టుచెవుడు గలవారిలో పెక్కుమందికి ఫలింపలేదు. వారికి నోటిమాట రాలేదు, చేతిమాట రానీయలేదు. మనలో “మూగవాడు కల గన్నట్లు” అను సామెత గలదు. కలను చెప్పుకొన దగిన భాష యుండగా దానిని లాగికొని, తరువాత మూగయని పేరు పెట్టుట యా కాలపు విద్యగా పరిణమించెను.

ఈ నోటిమాట పక్షమునకు బలము గూర్చినవారిలో నగ్రగణ్యుడు టెలిఫోను నిర్మించిన అలెగ్జాండరు గ్రహాం బెల్లు. ఆయన 1847లో ఎడింబరో నగరమున జన్మించెను. తల్లికి చెవుడు. బాల్యమున ఆయన ఆమె నుదుటికి దగ్గరగ మెల్లని కంఠముతో మాటలాడుచు, వ్రేళ్లతో అక్షరములు చూపుచు సంభాషించెడివాడు. తండ్రి ఉచ్చారణశాస్త్రవేత్త, ఏ ధ్వనికి నాలుకయు పెదవులును ఎట్లుండునో తెలుపు నొక లిపిని కల్పించినవాడు. బెల్లు 1871లో బోస్టను నగరమునకు వచ్చి, ఆ లిపి సాయముతో బధిర బాలబాలికలకు మాట నేర్పెను. ఆయన శిష్యురాలగు మేబెలు హబ్బర్డు ఐదవయేట స్కార్లెటు జ్వరమువలన వినికిడి కోల్పోయినది. 1877లో ఆమెనే ఆయన వివాహమాడెను. ఇట్లు తల్లియు, భార్యయు, శిష్యులును బధిరులే యైన యింటినుండి వచ్చినది టెలిఫోను.

అంతకంటె నాశ్చర్యకరమైన సంగతి యొకటి గలదు. 1874లో బెల్లు ఒక మృతుని చెవిని ఒక వైద్యునివలన సంపాదించి, దాని పొరచే కదలు నెముకకు సన్నని గడ్డిపుల్ల నమర్చి, మసిపూసిన గాజుపలకపై ధ్వని తన రూపమును తానే గీయునట్లు చేసెను. వినలేని పిల్లలు ధ్వనిని కంటితో జూచి నేర్చుకొందురని ఆయన యాశ. చెవియందలి యంత పలుచని పొర తనకంటె బరువైన యెముకలను కదల్పగా, దానికంటె పెద్దదగు పొర ఇనుపముక్క నేల కదల్పరాదని ఆయనకు దోచినది. ఆ తలపు టెలిఫోనునకు దారిచూపినది. 1876 మార్చి 7వ తేదీన ఆయనకు పేటెంటు లభించెను. బధిరులకు ధ్వనిని జూపదలచి చేసిన ప్రయత్నమునుండి బధిరులొక్కరే వాడుకొనలేని యంత్రము పుట్టెను. ఆ కనిపెట్టిన పురుషుని తల్లిగాని భార్యగాని దానిలో అతని కంఠము నెన్నడును వినలేదు.

బెల్లు దుష్టుడు గాడు. బధిరుల విద్యకై ఆయన ధనమును కాలమును వ్యయము చేసెను. హెలెన్ కెల్లరు తండ్రికి దారిచూపి యామె విద్యకు కారకుడయ్యెను. అయినను బధిరులు బధిరులతో గూడియుండుటయే కీడని ఆయన నమ్మెను. 1883లో అమెరికా జాతీయ విజ్ఞానపరిషత్తు ముందు చదివిన ప్రసంగమున, బధిరులు బధిరులను పెండ్లాడుటవలన ఒక బధిరజాతియే యేర్పడునని భయపడి, వారిని ఒకచోట జేర్చు వసతిపాఠశాలలను, సంజ్ఞాభాషను, బధిరులగు ఉపాధ్యాయులను తగ్గించుట మంచిదని సూచించెను. ప్రేమించువాడు తాను ప్రేమించువారిని తనవలె జేయదలచుట లోకమున కొత్త గాదు. మన సంస్కర్తలలోను అట్టివారు లేకపోలేదు. మేలు చేయదలచినవాని మొదటి పని యడుగుట. బెల్లు అది చేయలేదు.

టెలిఫోను లేని లోకమున బధిరుడు ఈ విషయమున తక్కినవారితో సమానుడే. అందరును ఉత్తరములు వ్రాసుకొనిరి. అందరును నడచిపోయి తలుపు తట్టిరి. టెలిఫోను వచ్చిన పిదప లోకవ్యవహారము దాని ననుసరించి మారినది. వైద్యుని పిలుచుట, సరకులు తెప్పించుట, ఉద్యోగము విచారించుట, చుట్టముల యోగక్షేమము దెలిసికొనుట, అన్నియు తీగమీదికెక్కినవి. బధిరుడు తన మాట కాగితముపై వ్రాసికొని పొరుగింటికి పోయి, పొరుగువానిచే మాటలాడించుకొనవలసి వచ్చెను. లేనిచో వినికిడిగల తన చిన్నబిడ్డను నడుమ నిలుపవలసి వచ్చెను. తల్లి మరణవార్త పొరుగువాని నోట రావలెను. కాబోవు భార్యతో చెప్పదలచిన మాట పొరుగువాని నోట పోవలెను. పొరుగువాడు మంచివాడే కావచ్చును. అయినను దుఃఖముగాని ప్రేమగాని మూడవవాని నోటబడినప్పుడు సగము చల్లారును. ఇట్లు సుమారు తొంబది సంవత్సరములు గడచినవి.

ఈ నడుమ మరియొక యంత్రము పుట్టినది. టెలిఫోను విడిచినదానినే యిది మోసినది. మాటను మోయలేదు, మొగమును చేతులను మోసినది. అదియే చలనచిత్రము. అమెరికాయందలి జాతీయ బధిరసంఘమునకు 1904 మొదలు 1910 వరకు అధ్యక్షుడుగ నుండిన జార్జి వెడిట్జు దీని విలువను గ్రహించెను. ఆయన యెనిమిదవయేట వినికిడి కోల్పోయినవాడు. పాఠశాలలలో సంజ్ఞలు నిషిద్ధములు. వానిని పూర్వవైభవముతో వాడు వృద్ధులు ఒక్కరొక్కరుగ గతించుచుండిరి. సంజ్ఞాభాషకు లిపి లేదు. కావున వారితో భాషయు బోవును. ఈ విపత్తు దలచి బధిరులు ఐదువేల డాలర్ల నిధి చేర్చి, ఆ వృద్ధుల యుపన్యాసములను కథలను ఫిలుముపై నెక్కింప జొచ్చిరి.

1913లో వెడిట్జు తానే కెమెరా ముందు నిలిచి సంజ్ఞాభాషా సంరక్షణమును గూర్చి యుపన్యసించెను. ఆ చిత్రమున నాటకము లేదు, తెరలు లేవు. ఒక పెద్దమనిషి కోటు ధరించి నిలిచి చేతులతో మాటలాడుచున్నాడు, అంతియే. కాని దానిని జూచినవారికి ఆయన వేదన యెరిగింపనక్కరలేదు. తమ భాషను మాన్పించినవారిపై ఆగ్రహము, పూర్వగురువులయందు భక్తి, రాబోవు తరమును గూర్చిన ఆతురత ఆ చేతుల వేగమునందును మొగమునందును కనబడుచున్నవి. మనకు తాళపత్రములెట్టివో వారికి ఆ ఫిలుములట్టివి. 2010లో ఆ చిత్రమును అమెరికా ప్రభుత్వ గ్రంథాలయము భద్రపరుప దగిన జాతీయ చిత్రములలో జేర్చెను.

వెడిట్జు చిత్రము తీసిన 1913వ సంవత్సరముననే బొంబాయిలో ఫాల్కేగారి ‘రాజా హరిశ్చంద్ర’ ప్రదర్శితమైనది. అట్టి చిత్రములను మనవారు ‘మూకీ’లనిరి. మూకీల కాలము బధిరులకు సువర్ణయుగమని చెప్పవచ్చును. చిత్రమునందలి భావమంతయు మొగమునను అంగములను గలదు. కథకు వలసిన మాటలు తెరపై అక్షరములుగ గలవు. ఆ చీకటిగదిలో వినువాడును విననివాడును ఒక్కసారి నవ్విరి, ఒక్కసారి కంటతడి పెట్టిరి. చార్లీ చాప్లిను స్నేహితుడైన గ్రాన్విలు రెడ్మండు అను చిత్రకారుడు బధిరుడు. ఆయన చాప్లిను చిత్రములలో కొన్నిట నటించెను.

1927లో అమెరికాయందు మాటలాడు చిత్రము వచ్చెను. 1932లో ‘భక్తప్రహ్లాద’తో తెలుగుచిత్రమునకు నోరు వచ్చెను. మనమందరము సంతోషించితిమి. తెరపై అక్షరములు మాయమైనవి; బధిరులు రెండవసారి వాకిటనే నిలిచిపోయిరి. చిత్రములకు అక్షరములు చేర్చి బధిరులకు చూపుటకై అమెరికాలో చట్టము పుట్టుటకు 1958 వరకు పట్టినది. ఒకరికి వరమైన మార్పు మరియొకరికి శాపము గావచ్చునని దీనివలన దెలియుచున్నది. మార్పు నాపవలెనని మేమనము. ఎవరు వాకిట మిగిలిరో చూడుమని మాత్రమందుము.

టెలిఫోను తలుపు తెరచినవారు బధిరులే. రాబర్టు వైట్‌బ్రెక్టు అను భౌతికశాస్త్రజ్ఞుడు పుట్టుబధిరుడు. జేమ్సు మార్‌స్టర్సు అను దంతవైద్యుడును, ఆండ్రూ సాక్సు అను వ్యాపారియు బధిరులే. ఈ మువ్వురును కలిసి 1964లో పనికి బూనిరి. తంతి కార్యాలయములలోను వార్తాసంస్థలలోను అక్షరములు తమంత తాము అచ్చగు టెలిటైపు యంత్రములు అప్పటికే గలవు. వానిలో బాతవడినవి చవకగ దొరకుచుండెను. కాని అట్టి యంత్రమును టెలిఫోను తీగకు తిన్నగ తగిలించుటకు కంపెనీ యంగీకరించెడిది గాదు. వైట్‌బ్రెక్టు తీగను ముట్టకయే పని సాధించెను. టెలిఫోను చేతిగొట్టమును రెండు గుంటలుగల పెట్టెపై నుంచినచో, ఆ పెట్టె యక్షరములను రెండు స్వరములుగ మార్చి గొట్టములోనికి పాడును. ఆవలి యింట నట్టి పెట్టెయే యా స్వరములను విని మరల అక్షరములుగ మార్చును. ఆ సంవత్సరము మే నెలలో వైట్‌బ్రెక్టు రెడ్‌వుడ్ నగరమునుండియు మార్‌స్టర్సు పాసడీనానుండియు ఈ విధమున సంభాషించిరి. కాలిఫోర్నియాయందలి యా రెండు పట్టణముల నడుమ నాడు మూడవవాని నోరు లేదు.

ఆ యంత్రములు అలమార లంతటివి. ఇద్దరు ముగ్గురు గూడినగాని కదలనివి. 1968లో టెలిఫోను కంపెనీ తాను పారవేయు యంత్రములను బధిరులకొసగుట కంగీకరించెను. బధిరులే సంఘముగ నేర్పడి, సెలవుదినములలో తమ యింటికొట్టములలో వానిని బాగుచేసి, బండ్లపై నెక్కించి యింటింటికి చేర్చిరి. గంట వినబడదు గనుక దీపము మిణుకుమిణుకుమనునట్లు అమర్చిరి. ఇరువురొక్కసారి టైపుచేసినచో అక్షరములు కలగాపులగమగును గనుక, తన వంతు ముగిసినప్పుడు ‘ఇక మీరు కానిండు’ అనుటకు ‘జి.ఏ.’ యనియు, సంభాషణ ముగించుటకు ‘ఎస్.కె.’ యనియు గురుతులు పెట్టుకొనిరి. మర్యాద యంత్రముతో రాలేదు, మనుష్యులు చేర్చినది.

అయినను ఒక కొరత మిగిలెను. ఈ యంత్రము అక్షరమును మోసినది గాని మొగమును మోయలేదు. ఎవరి భాషలో కనుబొమయే ప్రశ్నయో, ఎవరి హాస్యమంతయు కనుగొనలయందున్నదో వారు దళసరి ఇంగ్లీషు పెద్దయక్షరములతో మాటలాడుకొనవలసి వచ్చెను. పరిహాసము నిందవలె నచ్చగుచుండెను. కావున వారు నవ్వు వచ్చినప్పుడు ‘హా హా’ యని వ్రాసిరి. చిరునవ్వు వచ్చినప్పుడు ‘చిరునవ్వు’ అను మాటనే వ్రాసిరి. నటుడు లేని నాటకమున రంగసూచన మాత్రము మిగిలినట్లు.

చెవులుగలవారికి ఈ కొరత తెలియుటకు మరికొన్ని సంవత్సరములు పట్టెను. కంప్యూటర్లపై ఉత్తరములు వ్రాసుకొను విద్యాధికులు ఒకరి పరిహాసము నొకరు అపార్థము చేసికొని కలహింప జొచ్చిరి. 1982 సెప్టెంబరు 19వ తేదీన కార్నెగీ మెలను విశ్వవిద్యాలయమున స్కాట్ ఫాల్మను అను ఆచార్యుడు, పరిహాసము వ్రాసినప్పుడు రెండు చుక్కలు, ఒక గీత, ఒక కుండలీకరణపు వంపు చేర్చి ప్రక్కకు వాలిన నవ్వుమొగము పెట్టుడని సూచించెను. 1999లో జపాను దేశమున షిగెటాకా కురిటా అనునతడు టెలిఫోను సందేశములలో వాడుటకు 176 చిన్న బొమ్మలు సిద్ధపరచెను. 2010లో అట్టి బొమ్మలు సర్వభాషాలిపుల కంప్యూటరు సంకేతావళిలో జేరినవి. నేడు మన యిండ్లలో తాతగారు మనుమరాలికి పంపు సందేశము చివర పచ్చని నవ్వుమొగముండుటకు కారణమిదియే. ఆంగికము లేనిదే వాచికము కుంటుపడునని భరతుడు చెప్పినదానిని లోకమంతయు బొటనవ్రేలితో నొప్పుకొన్నది.

మొగమును కంఠమును కలిపి మోయు టెలిఫోను 1964లోనే అమెరికాయందు వెలసెను. న్యూయార్కు ప్రదర్శనమున జనులు మూగి చూచిరి. మూడు నగరములలో దానికై గదులు తెరచి, మూడు నిమిషములకు 16 డాలర్లు మొదలు 27 డాలర్ల వరకు తీసికొనిరి. 1970లో పిట్సుబర్గు నగరమున ఇండ్లకును కార్యాలయములకును అద్దెకిచ్చిరి. అద్దె నెలకు 160 డాలర్లు. చెవులుగలవారు దానిని కోరలేదు. వారికి కంఠమే చాలినది. కోరదగినవారు బధిరులు, వారికంత ధనము లేదు, వారికొరకది చేసినవారును లేరు. ఎవరికి వలసినదో విచారింపక చేసిన యంత్రము మూలబడుట సహజమే.

1990లో అమెరికాయందు వికలాంగుల హక్కుల చట్టము వచ్చి, బధిరులకును తక్కినవారికిని నడుమ టెలిఫోను సంభాషణ జరిపించు బాధ్యతను టెలిఫోను కంపెనీలపై నుంచెను. తరువాత తీగల వేగము హెచ్చి, ఇరువదియొకటవ శతాబ్ద్యారంభమున బధిరుడు తెరపై కనబడు దుబాసీతో సంజ్ఞలతో మాటలాడుటయు, ఆ దుబాసీ వినువానితో నోట మాటలాడుటయు ఆచరణమునకు వచ్చెను. పిమ్మట చేతిలో నిమిడిన సెల్‌ఫోనునందే మొగము కనబడుట సామాన్యమైనది. నేడు విజయవాడ రైలుస్టేషనులో గాని హైదరాబాదు బస్సులో గాని ఫోనును ఎదుట నిలిపి, రెండు చేతులతో చకచక మాటలాడుచు, నడుమ నవ్వుచు, బొమలు ముడుచుచు నుండు యువకులను చూచుచున్నాము. బెల్లు యంత్రము బధిరులకు దక్కుటకు సుమారు నూటయిరువదియైదు సంవత్సరములు పట్టినదని వారిని జూచిన ప్రతిసారి మాకు దోచును.

మిలాను తీర్మానము సంగతి యేమైనది? 2010 జులైలో వాంకూవరు నగరమున జరిగిన బధిరవిద్యా మహాసభ ఆ తీర్మానములను త్రోసిపుచ్చి, వానివలన గలిగిన కీడునకు విచారము వెలిబుచ్చెను. నూటముప్పది సంవత్సరముల పిమ్మట వచ్చిన విచారము. ఆ నడుమ చేతులపై గూర్చుండ జేయబడిన పిల్లలు వృద్ధులై గతించిరి.

మన దేశమున 1880వ దశకమున బొంబాయిలోను, 1893లో కలకత్తాలోను బధిరులకు పాఠశాలలు వెలసినవి. ఇచటి పాఠశాలలును చాలకాలము నోటిమాటనే ముఖ్యముగ నేర్పినవి. 2011 జనాభా లెక్కలలో వినికిడి లోపముగలవారు సుమారు 50 లక్షలు. 2015లో ఢిల్లీనగరమున భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన శిక్షణ కేంద్రమేర్పడెను. అది 2018లో 3,000 పదములతో దృశ్యనిఘంటువును వెలువరించి, 2021 నాటికి పదములను 10,000కు పెంచెను. ఈ నిఘంటువున ఒక మనిషి యెదుట నిలిచి పదమును చేతులతోను మొగముతోను చూపును. వెడిట్జు ఫిలుముపై గన్న కల మన దేశమున నిట్లు ఫలించినది.

మేము నోటిమాటకు విరోధులము గాము. శస్త్రచికిత్సచే చెవిలో నమర్చు యంత్రము నేడు గలదు. తెలుగునాట ఆరోగ్యశ్రీ పథకము క్రింద చిన్నపిల్లలకా చికిత్స ప్రభుత్వవ్యయముతో జరుగుచు వచ్చినది. దానివలన మాటలు నేర్చిన పిల్లలను చూచి సంతోషించుచున్నాము. కాని యంత్రమమరినను అమరకున్నను బిడ్డకొక భాష వెంటనే కావలెను. భాష లేక గడచిన యేండ్లు తిరిగి రావు. ఒకటి నేర్పుటకై మరియొకటి లాగికొనుట మిలానులో జరిగిన తప్పు. దానిని మన యిండ్లలో మరల చేయరాదు.

మన యిండ్లని యేల యంటిమన, బధిరులగు పిల్లలలో నూటికి తొంబదిమందికి పైగా వినికిడిగల తలిదండ్రులకే పుట్టుచున్నారని అమెరికాయందు లెక్కించి చూచినవారు చెప్పుదురు. అనగా బధిరుని మొదటి పరదేశము అతని యిల్లే. కొన్ని యేండ్లక్రిందట మేమొక బంధువుల యింట భోజనమునకు గూర్చుంటిమి. వసతిపాఠశాలనుండి సెలవులకు వచ్చిన బధిర బాలుడొకడు మా పంక్తిలో నుండెను. ఎవరో యొక హాస్యపు మాట చెప్పగా అందరును పగులబడి నవ్విరి. బాలుడు తల్లి మోచేయి తట్టి యేమని కనుబొమలెత్తెను. ఆమె “తరువాత చెప్పెదను” అన్నట్లు చేయి యూపెను. మరల నవ్వు వచ్చెను. మరల బాలుడు తట్టెను. మరల ఆమె చేయి యూపెను. మూడవసారి అతడు తట్టలేదు. భోజనమైన పిదప వాకిటి అరుగుపై కూర్చుండి, ఫోనులో తన స్నేహితునితో చేతులతో మాటలాడుచు, మేము లోపల నవ్విన దానికంటె గట్టిగ నవ్వుచుండెను. ఆ తల్లి గుమ్మమునొద్ద నిలిచి చూచుచుండెను. “నాతో ఎన్నడును అంతగా నవ్వడండీ” అని యామె మాతో ననినది. ఆమెకు బిడ్డపై ప్రేమ లేక కాదు. బిడ్డ భాష రాక.

అది చూచిన పిమ్మట యంత్రములను గూర్చిన మా యభిప్రాయము కొంత మారినది. నాలుగువందల మైళ్ల దూరమును యంత్రము దాటించినది. పంక్తిలోని జానెడు దూరమును అది దాటింపలేదు. ఆ జానెడు మనము దాటవలసినది. మనలో “చెవిటివాని ముందు శంఖ మూదినట్లు” అను సామెత గలదు. దానిలో లోపము చెవిటివానిదని యింతవరకు తలచుచుంటిమి. ఎదుటివాడు కన్నులతో వినునని యెరిగియు శంఖమునే యూదువానిది గాదా లోపము?

ఇంట బధిర శిశువుగల తల్లులను తండ్రులను, అన్నలను అక్కలను, మేనత్తలను మేనమామలను మేము ప్రార్థించునది యొక్కటి. పైని జెప్పిన నిఘంటువు ఫోనుగల ప్రతి యింటికిని ఉచితముగ వచ్చును. దినమునకు మూడు పదములు నేర్చుకొనుడు. మొదట అన్నము, నీళ్లు కాదు. అవి సైగలు లేకయే తెలియును. నొప్పి, భయము, కోపము, సిగ్గు, ఇష్టము, కల — ఈ పదములు మొదట నేర్చుకొనుడు. తరువాత పంక్తిలో నవ్వు వచ్చినప్పుడు, ఆ నవ్వు చల్లారకముందే, ఎందులకు నవ్వితిరో ఆ బిడ్డకు చెప్పుడు.